ఉపగ్రహం ఇంజనుతో అంగారకుడి దాకా

మంగళయాన్ గురించి ఎవరు మాట్లాడినా ముందు ఖర్చు లెక్క చెబుతారు. 450 కోట్ల రూపాయలతో మన దేశం అంగారక గ్రహాన్ని చేరుకుంది, అదీ మొదటి ప్రయత్నంలోనే, అని గొప్పగా చెప్పుకుంటాం. ఆ మాట నిజమే. కానీ అంత తక్కువ ఖర్చుతో, అంత తక్కువ కాలంలో అది ఎలా సాధ్యమైంది అని అడిగితే మాత్రం "అంతా మనవాళ్ళ తెలివి" అని ఊరుకుంటాం. ఆ తెలివి ఏ పనిలో కనబడింది అన్నది కూడా తెలుసుకోవాలి గదా. వెతికితే దొరికే జవాబుల్లో ఒకటి ఒక చిన్న ఇంజను.

ఆ ఇంజను మంగళయాన్ కోసం పుట్టినది కాదు. అంతకుముందు 20 ఏళ్ళకు పైగా మన టీవీ, టెలిఫోను, వాతావరణ ఉపగ్రహాలలో పనిచేసినదే. దాన్ని తెచ్చి అంగారకుడి ప్రయాణానికి సిద్ధం చేశారు. ఉన్న వస్తువును కొత్త పనికి వాడుకోవటం సులువు అని మనకు అనిపిస్తుంది. చరిత్ర చూస్తే అంత సులువు కాదని తెలుస్తుంది. ఇదే దారిలో పోయి అమెరికా ఒక పెద్ద నౌకను పోగొట్టుకుంది. మనవాళ్ళు గెలిచారు. ఆ రెంటి మధ్య తేడా ఏమిటో చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

థ్రస్టరు అంటే ఏమిటి?

రాకెట్టు పని ఉపగ్రహాన్ని భూమి మీద నుంచి పైకి తీసుకుపోవటం. అక్కడితో దాని పని అయిపోతుంది. ఆ తర్వాత ఉపగ్రహం తన దారి తానే చూసుకోవాలి. ఎత్తు పెంచుకోవాలన్నా, పక్కకు తిరగాలన్నా, వేగం తగ్గించుకోవాలన్నా దానికి సొంత ఇంజన్లు కావాలి. ఈ చిన్న ఇంజన్లనే థ్రస్టర్లు అంటారు. వాటిలో అన్నింటికంటే పెద్దదానికి మన ఇస్రోవాళ్ళు పెట్టుకున్న పేరు లామ్. దాని బలం 440 న్యూటన్లు. అంటే భూమి మీద సుమారు 45 కిలోల బరువును మోయగల బలం. ఒక బియ్యం మూటను ఎత్తటానికి సరిపోతుంది, అంతే.

ఇంత చిన్న బలంతో అంగారకుడి దాకా ఎలా పోతారు అని అనుమానం వస్తుంది. అంతరిక్షంలో గాలి లేదు, ఒరిపిడి లేదు. కాబట్టి చిన్న తోపు అయినా ఎంతసేపు తోస్తే అంత వేగం పోగవుతుంది. 2013 డిసెంబరు 1న మంగళయాన్ భూమిని విడిచిపెట్టినప్పుడు ఈ ఇంజను సుమారు 1,329 సెకన్లు మండింది. పెరిగిన వేగం సెకనుకు 648 మీటర్లు. భాగించి చూడండి. ఒక్కో సెకనుకు సుమారు అర మీటరు చొప్పున వేగం పెరిగింది. చీమ నడకలాగా కనబడినా 22 నిమిషాలలో అది భూమి పట్టును వదిలించుకునేంత వేగం అయ్యింది.

ఈ ఇంజనులో నిప్పు పెట్టే పని లేదు. ఒక ట్యాంకులో ఇంధనం, ఇంకో ట్యాంకులో ఆక్సీకరణి ఉంటాయి. ఇంధనం పేరు మోనోమిథైల్ హైడ్రజీన్. ఆక్సీకరణిలో ముఖ్యమైనది నైట్రోజన్ టెట్రాక్సైడ్. ఈ రెండూ ఒకదానికొకటి తగలగానే వాటంతట అవే మండుతాయి. హీలియం వాయువు వెనక నుంచి ఒత్తిడి పెట్టి వాటిని ఇంజనులోకి తోస్తుంది. మధ్యలో వాల్వులు ఉంటాయి. తగలగానే మండటం ఇంజను లోపల జరిగితే వరం. అదే గొట్టంలో జరిగితే? ఈ ప్రశ్నను గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికి వస్తుంది.

ఆపిల్: మొదటి మార్పు

ఒక పనికి చేసినదాన్ని ఇంకో పనికి మలచుకోవటం మన అంతరిక్ష చరిత్రలో చాలా ముందే మొదలైంది. ఆపిల్ అనే ఉపగ్రహాన్ని ఎడ్లబండి మీద పెట్టిన ఫోటో మనలో చాలామంది చూసే ఉంటారు. యాంటెన్నా పరీక్ష చేసేటప్పుడు చుట్టూ ఇనుము ఉండకూడదని ఎడ్లబండిని వాడారు. ఫోటో అందరికీ తెలుసు. ఆపిల్ లోపల ఉన్న మోటారు కథ మాత్రం తక్కువమందికి తెలుసు.

1970లలో మన దేశం ఎస్ఎల్వీ-3 అనే రాకెట్టు తయారుచేసింది. దానికి నాలుగు దశలు. ఆ రాకెట్టు 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ ప్రాజెక్టుకు నాయకుడు మన రామేశ్వరం అబ్దుల్ కలాం గారు. అదే కాలంలో ఐరోపావాళ్ళు తమ కొత్త రాకెట్టు ఏరియాన్ పరీక్షలలో ఒక ఉపగ్రహాన్ని ఉచితంగా తీసుకుపోతామన్నారు. మనవాళ్ళు ఆపిల్‌ను తయారుచేశారు. అయితే ఏరియాన్ దాన్ని సాగిన గుడ్డు ఆకారం కక్ష్యలో వదిలిపెడుతుంది. అక్కడ నుంచి 36,000 కిలోమీటర్ల ఎత్తులో గుండ్రని కక్ష్యలోకి పోవటానికి ఆపిల్‌కు సొంత మోటారు కావాలి.

కొత్తగా చేయటానికి బదులు ఎస్ఎల్వీ-3 నాలుగో దశ మోటారును మలిచారు. రాకెట్టు కొనలో ఉండవలసినది ఉపగ్రహం కడుపులోకి చేరింది. 1981 జూన్ 19న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఆపిల్ బయలుదేరింది. ఒక సౌరఫలకం తెరుచుకోలేదు గానీ, మోటారు తన పని తాను చేసింది. ఆపిల్ రెండేళ్ళకు పైగా పనిచేసింది.

అయితే ఘన ఇంధనం మోటారుకు ఒక గుణం ఉంది. దీపావళి చిచ్చుబుడ్డిలాగా ఒకసారి అంటుకుంటే అయిపోయేదాకా మండుతుంది. మధ్యలో ఆపలేం, మళ్ళీ వెలిగించలేం. కావలసినప్పుడు ఆపి, కావలసినప్పుడు వెలిగించే ద్రవ ఇంజను కావాలి. అదే లామ్.

ఇన్సాట్ నుంచి చంద్రయాన్ దాకా

ఇన్సాట్-1 వరుస ఉపగ్రహాలను అమెరికాలోని ఫోర్డ్ ఏరోస్పేస్ తయారుచేసి ఇచ్చింది. ఇన్సాట్-2 వరుసను మనమే చేసుకున్నాం. 1992 జూలై 10న పైకి పోయిన ఇన్సాట్-2ఎలో మనవాళ్ళు చేసిన 440 న్యూటన్ల ఇంజను ఉంది. దాంతోపాటు 22 న్యూటన్ల చిన్న థ్రస్టర్లు కూడా ఉన్నాయి. ఆ తరువాత వచ్చిన ఇన్సాట్‌లు, జీశాట్‌లు చాలావాటికి ఈ జతే ఆధారం. ఉపగ్రహాల ఇంజను వ్యవస్థలు చూసే ఎల్‌పీఎస్‌సీ కేంద్రం ఒకటి మన హోసూరుకు దగ్గరలోనే, బెంగళూరులో ఉంది. ఇంజన్లను మండించి పరీక్ష చేసేది మన రాష్ట్రం దక్షిణపు కొసన, తిరునెల్వేలి జిల్లా మహేంద్రగిరిలో.

ఈ ఇంజను జీవితం ఎలా ఉంటుందో చూడండి. ఉపగ్రహం రాకెట్టు నుంచి విడిపోయాక కొన్ని రోజులలోనే లామ్‌ను మూడు నాలుగు సార్లు వెలిగించి 36,000 కిలోమీటర్ల కక్ష్యకు చేరుస్తారు. అంతే, దాని పని అయిపోయినట్టే. లామ్‌కు పోయే దారిని వాల్వుతో శాశ్వతంగా మూసేస్తారు. ఆపైన పదేళ్ళో పన్నెండేళ్ళో చిన్న థ్రస్టర్లే ఉపగ్రహాన్ని దాని చోటులో నిలుపుతాయి. అంటే లామ్ పెళ్ళిపందిరి లాంటిది. నాలుగు రోజులు గట్టిగా నిలబడితే చాలు. ఏడాది తరువాత కూడా నిలబడాలని ఎవరూ అడగరు.

2002లో పీఎస్ఎల్వీ మీద పోయిన వాతావరణ ఉపగ్రహంలో కూడా ఈ ఇంజనే ఉంది. 2003లో వ్యోమగామి కల్పనా చావ్లా చనిపోయాక దానికి కల్పన-1 అని పేరు పెట్టారు. ఆ ఉపగ్రహం చట్రాన్ని ఆధారం చేసుకుని చంద్రయాన్-1 తయారైంది. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి బయలుదేరి నవంబరు 8న చంద్రుడి కక్ష్యలోకి చేరింది. చంద్రుడి దగ్గర వేగం తగ్గించినది కూడా అదే 440 న్యూటన్ల ఇంజను. భూమి చుట్టూ తిరగటానికి చేసిన ఇంజను చంద్రుడి దాకా పోగలదని రుజువైంది.

కానీ లెక్క చూస్తే బయలుదేరిన రోజుకూ చేరిన రోజుకూ మధ్య 17 రోజులే. లామ్ అలవాటు పడిన కాలానికి ఇది పెద్ద దూరం కాదు. అసలు పరీక్ష ఇంకా రాలేదు.

అమెరికాకు తగిలిన దెబ్బ

ఇక్కడ కొంచెం వెనక్కి పోయి అమెరికా కథ చెప్పాలి. 1992 సెప్టెంబరు 25న నాసా మార్స్ అబ్జర్వర్ అనే నౌకను అంగారకుడికి పంపింది. ఖర్చు తగ్గించాలని, భూమి చుట్టూ తిరిగే సమాచార, వాతావరణ ఉపగ్రహాల డిజైన్లను, వాటి భాగాలను ఈ నౌకకు వాడారు. ఆలోచన మంచిదే. మనం చేసినదీ అదే గదా.

11 నెలలు ప్రయాణం బాగానే సాగింది. అంగారకుడి కక్ష్యలోకి చేరటానికి ఇంకా మూడు రోజులు ఉందనగా, 1993 ఆగస్టు 21న ఇంధనపు ట్యాంకులకు ఒత్తిడి పెట్టే పని మొదలుపెట్టారు. అంతే. ఆ తరువాత ఆ నౌక నుంచి ఒక్క సంకేతం కూడా రాలేదు. 80 కోట్ల డాలర్లు దాటిన ఖర్చు ఒక్కరోజులో పోయింది.

అమెరికా నౌకాదళ పరిశోధనా కేంద్రం అధ్యక్షతన విచారణ జరిగింది. నౌక చేతిలో లేదు కాబట్టి ఇదే కారణం అని ఖాయంగా తేల్చే వీలు లేదు. అన్నిటికంటే ఎక్కువ అవకాశం ఉన్న కారణం ఇది అని మాత్రం చెప్పారు. దాన్ని అర్థం చేసుకోవటానికి మన పొలంలోని బావి దగ్గరకు పోదాం.

బావి పంపుసెట్టులో గొట్టం అడుగున ఫుట్ వాల్వు ఉంటుంది. నీళ్ళు పైకి రావచ్చు, తిరిగి కిందకు పోకూడదు. వాల్వు కొంచెం అరిగితే ఏమవుతుంది? పంపు ఆపిన గంటలో మళ్ళీ వేస్తే నీళ్ళు వెంటనే వస్తాయి. రెండు రోజులు ఆగి వేస్తే గొట్టం ఖాళీ. బొట్టు బొట్టుగా కారిపోయి ఉంటుంది. అదే వాల్వు, అదే కారుడు. గంటలో తెలియనిది రెండు రోజులలో తెలుస్తుంది.

మార్స్ అబ్జర్వర్‌లో కూడా ఇలాగే ఒకవైపే దారి ఇచ్చే చెక్ వాల్వులు ఉన్నాయి. భూమి ఉపగ్రహాలలో ట్యాంకులకు ఒత్తిడి పెట్టేది బయలుదేరిన కొద్ది రోజులలోనే. ఆ కొద్ది రోజులలో వాల్వు కారినా ప్రమాదం లేదు. ఇక్కడ మాత్రం 11 నెలలు. ఆ 11 నెలల చలిలో నైట్రోజన్ టెట్రాక్సైడ్ ఆవిరి కొంచెం కొంచెంగా వాల్వు దాటి వెనకటి గొట్టాలలో చేరి ఉంటుందని విచారణ సంఘం అభిప్రాయం. ఒత్తిడి పెట్టగానే హీలియం దాన్ని ఇంధనం వైపు తోసింది. రెండూ గొట్టంలోనే తగిలాయి. ముందు గుర్తు పెట్టుకోమన్న ప్రశ్నకు జవాబు ఇదే. గొట్టం పగిలి, ఇంధనం బయటకు చిమ్మి, నౌక గిరగిరా తిరిగి అదుపు తప్పి ఉంటుంది.

భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాల కోసం చేసిన భాగాల మీద అతిగా నమ్మకం పెట్టుకున్నారని విచారణలో తేలింది. వాల్వు చెడ్డది కాదు. తాను పుట్టిన పనికి అది మంచి వాల్వే. కొత్త పనిలో కాలం మారిందన్న సంగతిని ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు.

పది నెలల నిద్ర

ఇప్పుడు మంగళయాన్‌కు వద్దాం. 2012 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం దీనికి అనుమతి ఇచ్చింది. భూమి నుంచి అంగారకుడికి తక్కువ ఇంధనంతో పోగల సమయం సుమారు 26 నెలలకు ఒకసారి వస్తుంది. 2013 నవంబరు తప్పితే 2016 దాకా ఆగాలి. అంటే చేతిలో ఉన్నది 15 నెలలు. 15 నెలలలో కొత్త ఇంజను తయారుచేసి, పరీక్షించి, నమ్మటం అయ్యే పని కాదు. కాబట్టి లామ్‌నే తీసుకోవాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. పెద్ద రాకెట్టు జీఎస్ఎల్వీ 2010లో రెండుసార్లు విఫలమైంది. దాన్ని నమ్ముకోలేక పీఎస్ఎల్వీని ఎన్నుకున్నారు. పీఎస్ఎల్వీ నమ్మకస్తురాలే గానీ 1,337 కిలోల నౌకను నేరుగా అంగారకుడి దారిలో పెట్టే బలం దానికి లేదు. కాబట్టి రాకెట్టు చేయవలసిన పనిలో కొంత కూడా లామ్ మీదే పడింది. భూమి చుట్టూ తిరుగుతూ ఒక్కో చుట్టుకు కొంచెం కొంచెంగా కక్ష్యను సాగదీసి చివరకు బయటకు దూకాలి. నౌక బరువులో సుమారు 850 కిలోలు, అంటే మూడింట రెండు వంతులకు దగ్గరగా, ఇంధనం ఆక్సీకరణిలే.

ఈ పనులన్నీ నవంబరు ఒక్క నెలలో అయిపోతాయి. అక్కడిదాకా లామ్‌కు అలవాటైన జీవితమే. అసలు సమస్య దాని తరువాత. డిసెంబరు 1 నుంచి సుమారు 300 రోజులు లామ్ నిద్రపోవాలి. ఆ పైన అంగారకుడి దగ్గర ఒక్క పిలుపుకు లేవాలి. లేవకపోతే నౌక అంగారకుడిని దాటి సూర్యుడి చుట్టూ దిక్కులేని రాయిలాగా తిరుగుతుంది. రెండో అవకాశం లేదు.

వేసవి అంతా వాడకుండా పెట్టిన పంపుసెట్టును వానాకాలంలో వేస్తే బిగుసుకుపోయి ఉండటం మన రైతులకు తెలియనిది కాదు. ఇక్కడ ఉన్నది నీళ్ళు కావు, లోహాన్ని, రబ్బరును తినేసే రసాయనాలు. ఒకసారి వాటిలో తడిసిన వాల్వు పది నెలల తరువాత ఎలా ఉంటుందో?

ఇస్రో ఇంజనీర్లు ఇంజను రూపాన్ని మార్చలేదు. ఇంజనుకు పోయే దారిని మార్చారు. ఇంధనం పోవటానికి ఒకటికి బదులు రెండు సమాంతర దారులు పెట్టారు. భూమి దగ్గర పనులకు మొదటి దారి వాడారు. ఆ పని కాగానే దాన్ని మూసేశారు. రెండో దారిని ముట్టుకోకుండా ఉంచి, అంగారకుడి దగ్గర చేసే పని కోసమే దాచిపెట్టారు. నిద్రపోయే కాలమంతా ఇంధనం ఇంజను దాకా పోకుండా గట్టి అడ్డు ఉంటుంది. లేచినప్పుడు తాజా దారి సిద్ధంగా ఉంటుంది.

లామ్ అసలుకే వెలగకపోతే? దానికీ ఒక ఉపాయం పెట్టుకున్నారు. మంగళయాన్‌లో 22 న్యూటన్ల థ్రస్టర్లు ఎనిమిది ఉన్నాయి. ఎనిమిదీ కలిస్తే 176 న్యూటన్లు. లామ్‌లో సగం కూడా కాదు. అయినా వాటిని ఎక్కువసేపు మండించి ఏదో ఒక కక్ష్యలోనైనా చేర్చాలని ముందే లెక్క వేసి పెట్టుకున్నారు.

నవంబరు 11న ఏమి జరిగింది?

2013 నవంబరు 5 మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకు శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ25 లేచింది. నవంబరు 7, 8, 9 తేదీలలో లామ్ మూడుసార్లు బాగా మండింది. నవంబరు 11 వేకువన నాలుగోసారి. నౌక భూమికి దూరంగా పోయే కొసను సుమారు 1,00,000 కిలోమీటర్లకు చేర్చాలని లెక్క. సెకనుకు 130 మీటర్ల వేగం పెరగాలి. పెరిగింది 35 మీటర్లే. కొస 78,276 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది.

కారణం ఏమంటే, ఇంధనపు వాల్వును తెరిచే కాయిళ్ళు రెండు ఉన్నాయి. ఒకటి అసలుది, ఇంకోటి మారుది. ప్రయాణం దూరమైనది కాబట్టి మారు వ్యవస్థలు అన్నీ పనిచేస్తాయో లేదో భూమి దగ్గరే చూసుకోవాలని రెంటికీ ఒకేసారి కరెంటు ఇచ్చి చూశారు. అప్పుడు ఇంజనుకు ఇంధనం పోవటం ఆగిపోయింది. ఆ క్షణంలో నౌకలోని తర్కం తానుగా చిన్న థ్రస్టర్లను పనిలోకి దింపింది.

ఆ రోజు కొందరు దీన్ని వైఫల్యం అన్నారు. నాకు అలా అనిపించలేదు. రెండు కాయిళ్ళను విడివిడిగా వాడవచ్చు, కలిపి వాడకూడదు అన్న సంగతి భూమి దగ్గర తెలిసింది. ఇదే సంగతి అంగారకుడి దగ్గర తెలిసి ఉంటే? మరునాడు, నవంబరు 12న ఇంకోసారి మండించి కొసను 1,18,000 కిలోమీటర్లు దాటించారు. నవంబరు 16కు అది సుమారు 1,93,000 కిలోమీటర్లకు చేరింది. డిసెంబరు 1 అర్ధరాత్రి దాటాక నౌక భూమిని విడిచింది.

నాలుగు సెకన్లు

దారిలో చిన్న చిన్న సవరణలను 22 న్యూటన్ల థ్రస్టర్లే చేశాయి. లామ్ నిద్రలోనే ఉంది. 2014 సెప్టెంబరు 22న, అంగారకుడు ఇంకా రెండు రోజుల దూరంలో ఉండగా, దాన్ని లేపి చూశారు. ఎంతసేపు? నాలుగు సెకన్ల కంటే ఒక చిటిక తక్కువ, 3.968 సెకన్లు. పెద్ద పని మొదలుపెట్టే ముందు రైతు మోటారును ఒకసారి వేసి ఆపినట్టు. లామ్ పలికింది. పది నెలల నిద్ర దాన్ని చెడపలేదని బెంగళూరు పీణ్యలోని కేంద్రంలో తెలిసింది.

సెప్టెంబరు 24 ఉదయం 7 గంటల 17 నిమిషాలకు లామ్, దాంతోపాటు ఎనిమిది చిన్న థ్రస్టర్లు కలిసి మండటం మొదలుపెట్టాయి. అంగారకుడి నుంచి సంకేతం మన దగ్గరకు రావటానికి 12 నిమిషాలు పడుతుంది. కాబట్టి ఇక్కడ నుంచి చేయి పెట్టి సరిచేసే వీలు లేదు. చేయవలసిన పనులన్నీ ముందే నౌకకు చెప్పి పెట్టారు. మధ్యలో నౌక అంగారకుడి చాటుకు పోయి కనబడకుండా కూడా పోయింది. అది తిరిగి బయటకు వచ్చి సంకేతం పంపేదాకా లోకమంతా కాచుకుని ఉంది. సెకనుకు 1,099 మీటర్ల వేగం తగ్గింది. దగ్గరి కొస సుమారు 422 కిలోమీటర్లు, దూరపు కొస సుమారు 77,000 కిలోమీటర్లు ఉన్న కక్ష్యలో మంగళయాన్ నిలబడింది. ఆరు నెలలు పనిచేస్తే చాలు అనుకున్నది 2022 దాకా మనతో మాట్లాడింది.

చిన్న థ్రస్టర్ల ఉపాయం మనకు అవసరం రాలేదు. ఇంకో దేశానికి వచ్చింది. జపాన్ నౌక అకట్సుకి 2010 డిసెంబరు 7న శుక్ర గ్రహం కక్ష్యలోకి చేరవలసింది. ఇంధనం ఆవిరీ ఆక్సీకరణి ఆవిరీ కలిసి ఉప్పులాగా గడ్డకట్టి ఒక చెక్ వాల్వును బిగించేశాయి. పెద్ద ఇంజను పాడైంది. ఇక్కడ కూడా వాల్వే చూడండి. జపాన్ వాళ్ళు నిరాశపడలేదు. పనికిరాని ఆక్సీకరణిని బయటకు పారబోసి బరువు తగ్గించారు. ఐదేళ్ళు కాచుకున్నారు. సరిగ్గా 2015 డిసెంబరు 7న, నౌకను తిప్పటానికి మాత్రమే పెట్టిన నాలుగు చిన్న థ్రస్టర్లను సుమారు 20 నిమిషాలు మండించి శుక్రుడి కక్ష్యలో చేర్చారు.

మనం తెలుసుకోవలసింది

ఈ చరిత్రంతా చూశాక నాకు అర్థమైనది ఇది. పాత వస్తువును కొత్త పనికి వాడేటప్పుడు "ఇది బాగా పనిచేస్తుందా?" అని అడిగితే చాలదు. "ఇది ఏ పని కోసం పుట్టింది? ఆ పనిలో ఎవరూ చెప్పకపోయినా అందరూ నమ్మిన సంగతి ఏది?" అని అడగాలి. మార్స్ అబ్జర్వర్ వాల్వులోనూ, లామ్‌లోనూ దాగి ఉన్న నమ్మకం ఒకటే, "నా పని కొద్ది రోజులలో అయిపోతుంది" అని. అమెరికావాళ్ళు ఆ నమ్మకాన్ని చూడకుండా ముందుకు పోయారు. వాళ్ళకు తగిలిన దెబ్బ లోకానికి పాఠం అయ్యింది. 20 ఏళ్ళ తరువాత మనవాళ్ళు ఆ నమ్మకాన్ని వెతికి పట్టుకుని, దానికి మందుగా రెండో దారి పెట్టారు. గెలుపు ఇంజనుదే కాదు, ఆ ప్రశ్నది కూడా.

ఇంకొక మాట. మంగళయాన్‌కు ప్రోగ్రామ్ డైరెక్టరుగా, అంతకుముందు చంద్రయాన్-1కు ప్రాజెక్టు డైరెక్టరుగా ఉన్న మయిల్‌సామి అన్నాదురై గారు పొల్లాచ్చి దగ్గర కోదవాడి అనే పల్లెటూరివారు. తమ ఊరి బడిలో తమిళ మాధ్యమంలోనే చదువుకున్నారు. మనలాగా తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు "ఈ చదువుతో ఎంతదూరం పోతారు?" అనే మాట అప్పుడప్పుడు వినబడుతూనే ఉంటుంది. ఇంటిభాషలో మొదలైన చదువు అంగారకుడి దాకా పోయిందని చెప్పటానికి ఆయన జీవితం ఉంది. అయితే ఆ చదువు ఒక్కటే ఆయనను అంతదూరం తీసుకుపోలేదు. కొత్త దారికి ఏమేమి కావాలో చూసుకుని అవి కూడా నేర్చుకున్నారు. లామ్ కథలో ఉన్నదీ అదే. ఉన్న ఇంజనును పారేయలేదు, ఉన్నది ఉన్నట్టు నమ్మి పంపనూ లేదు.

మహేంద్రగిరిలో మండి, బెంగళూరులో నౌకలో కూర్చుని, శ్రీహరికోటలో నేల విడిచిన ఇంజను అది. తమిళ నేల, కన్నడ నేల, తెలుగు నేల, మూడూ దానికి తెలుసు. మూడు భాషలు కలిసే చోట పెరుగుతున్న మనం దాన్ని మన ఇంజను అని చెప్పుకుంటే తప్పు లేదు. దాన్ని మన ఇంజను అని చెప్పుకునేవాళ్ళం, దాని దారిని మార్చినవాళ్ళు అడిగిన ప్రశ్నను కూడా మన చదువులో అడగటం నేర్చుకోవాలి.